పదకొండో నూతి దాకా

మా దేశంలో ఐదింట నాలుగు వంతులు ఎడారి. ప్రొఫెసర్ జుబీర్ హమ్సీ రాసిన భూగోళం పాఠ్యపుస్తకంలో ఎడారికి దక్కినవి ఏడు పేజీలు. అందులో ఐదు చమురు గురించీ గ్యాసు గురించీ. మిగిలిన రెండింటిలో ఒంటెల బొమ్మ ఒకటి అరపేజీ తినేసింది. ఆ పైన మిగిలిన జాగాలో మేమున్నాం. "ఒయాసిస్సుల జనం స్వతహాగా ఓర్పు గలవారు, కొత్తదనం మీద ఆసక్తి లేనివారు" అని ఒక్క వాక్యంలో మమ్మల్ని మూటగట్టి మూలన పెట్టాడు ఆ మహానుభావుడు. పదహారేళ్ళుగా ఆ వాక్యాన్ని నా నోటితో నేనే పిల్లలకి చెబుతున్నాను. పరీక్షలో రెండు మార్కులకి అడుగుతారు మరి.

నా పేరు మెస్సౌదా. మాది తిమిమూన్‌కి గంట ప్రయాణం దూరంలో ఉన్న అదెర్గూత్. ఇటు ఉప్పుబీడు, అటు ఇసుక తిన్నెలు, నడుమ ఎర్రమట్టి ఇళ్ళు, ఖర్జూరపు తోటలు. అక్కడి బళ్ళోనే నేను భూగోళం టీచర్ని.

మా నాన్న పేరు బార్కా. పదమూడో ఏట ఫొగ్గారాలోకి దిగాడు, డెబ్బై ఒకటో ఏట కూడా దిగాడు. పీఠభూమి అంచున ఎక్కడో లోతున ఉన్న ఊటని పట్టుకుని, నాలుగు కిలోమీటర్లు నేల కిందే నడిపించి, తోటల దగ్గర వెలుగులోకి తెచ్చే కాలువ అది. మోటారు అక్కర్లేదు, ఎద్దు అక్కర్లేదు, వెంట్రుకవాసి వాలు చాలు. దారి పొడవునా గాలి కోసం, మట్టి తోడడం కోసం నూతులు. పైనుంచి చూస్తే పెద్ద పెద్ద చీమల పుట్టలు వరసగా బారులు తీరినట్టుంటాయి. మాది రెండు వందల పద్నాలుగు నూతుల ఫొగ్గారా. దాన్ని తవ్విందీ, ఏటా పూడిక తీసేదీ మేమే, నల్లవాళ్ళం. నీళ్ళ హక్కు మాత్రం మూలాయ్ తాహర్ గారిలాంటి నాలుగైదు పెద్దింటి వాళ్ళది. నీళ్ళు వాళ్ళవి, నడుములు మావి. ఈ సంగతి కూడా పుస్తకంలో లేదు.

ఉత్తరాన సముద్రం ఒడ్డునున్న యూనివర్సిటీలో నేను చదువుకునేటప్పుడు జుబీర్ మాకు పాఠం చెప్పేవాడు. మనిషి పొడగరి, మెడకి ఎప్పుడూ పట్టు రుమాలు. ఒకరోజు క్లాసులో ఫొగ్గారాలు అంతరించిపోయాయని చెప్పాడు. నేను లేచి, మా ఊళ్ళో ఇంకా పారుతోందండీ అన్నాను. ఆయన నన్ను పైనుంచి కింది దాకా తీరిగ్గా చూశాడు.

"మీ ఊళ్ళో పారేది నీళ్ళు కావమ్మాయ్. జ్ఞాపకాలు" అన్నాడు.

డెబ్బై మంది నవ్వారు. నేనూ కూర్చుని వాళ్ళతో పాటు కొంచెం నవ్వాను. మీ నాన్న ఏం చేస్తారని ఆ సాయంత్రం పక్కగది అమ్మాయి అడిగితే, వ్యవసాయం అన్నాను. మట్టి పూసుకుని బొరియలోంచి పాక్కుంటూ వచ్చే మనిషి అని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

అలాంటి జుబీర్ మూడేళ్ళ కిందట నవంబరులో మా ఊరొచ్చాడు. పుస్తకం కొత్త ముద్రణ వేస్తున్నారట, ఈసారి "క్షేత్రంలో స్వయంగా చూసి" రాయమని పైనుంచి చెప్పారట. ముప్పై ఏళ్ళుగా రాస్తున్న మనిషికి చూసి రాయమని ఎవరో చెప్పాల్సి వచ్చింది. వెంట వహీబా అని ఒక లెక్చరరు. నలభై ఏళ్ళావిడ, నెమ్మదస్తురాలు. ఆయన మాట్లాడే ప్రతి మాటా నోటుపుస్తకంలో ఎక్కించుకోవడం ఆవిడ పని. తుమ్మితే కూడా రాసుకునేదేమో.

సహజంగానే మూలాయ్ తాహర్ గారింట్లో దిగారు. ఆయన మేకని కోయించాడు, వెండి పళ్ళెంలో టీ తెప్పించాడు, ఫొగ్గారా తమ తాతల సృష్టి అని చెప్పాడు. తాహర్ గారి తాతలు జన్మలో పార పట్టిన పాపాన పోలేదు. జుబీర్ తల ఊపుతూ విన్నాడు, వహీబా రాసుకుంది. మా హెడ్మాస్టరు నన్ను వాళ్ళకి సాయంగా పంపాడు. జుబీర్ నన్ను గుర్తుపట్టలేదు. మీ క్లాసులో చదివానండీ అంటే, "అవునా, సంతోషం" అని ఆవులించాడు.

మొదటి రోజు నాన్నని ఫొటో తీశాడు. నాన్న పాదాల దాకా జారే తన మంచి తెల్ల గౌను వేసుకుని, తలపాగా చుట్టుకుని వచ్చాడు. ఇది కాదు, పని బట్టలు వేసుకురమ్మన్నాడు జుబీర్. వేసుకొచ్చాడు. మట్టి సరిగా లేదన్నాడు. తోటలో తడి మట్టి తెచ్చి మోకాళ్ళకి పూసుకోమన్నాడు. నాన్న పూసుకున్నాడు. గోడకి ఆనుకుని కునుకు తీస్తున్నట్టు కూర్చోమంటే అలాగే కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చాక, ఎందుకు చేశావు నాన్నా ఆ కోతి వేషాలు అన్నాను. అతిథి అడిగాడు కదా తల్లీ, నా మోకాళ్ళేం అరిగిపోయాయా అన్నాడు.

మర్నాడు ఫొగ్గారాలోకి దిగుతానన్నాడు జుబీర్. ఆ ముందు వారమే వాన పడింది. మాకు వాన అంటే మూడేళ్ళకో నాలుగేళ్ళకో వచ్చే చుట్టం. వచ్చి వెళ్ళాక పది పన్నెండు రోజులు ఫొగ్గారా జోలికి ఎవరూ పోరు. పైమట్టి నాని బరువెక్కి ఉంటుంది, ఏ నిమిషాన ఏ పెళ్ళ ఊడుతుందో తెలియదు. నాన్న ఆ మాటే చెప్పాడు. పది రోజులాగితే నేనే వెంటబెట్టుకు తీసుకెళ్తా బాబూ అన్నాడు.

"పెద్దాయనా, నేను దీని గురించి ముప్పై ఏళ్ళుగా చదువుతున్నాను" అన్నాడు జుబీర్.

"చదవండి బాబూ. దిగకండి" అన్నాడు నాన్న.

వహీబా తల వంచుకుంది. నవ్వు రాకుండా పెదవులు బిగపట్టడం నేను చూశాను. జుబీర్‌కి రోషం వచ్చింది. వీళ్ళ మూఢనమ్మకాలు ఇలాగే ఉంటాయి, వాన పడితే భూతాలు తిరుగుతాయంటారు, అని ఆవిడకి ఫ్రెంచిలో చెప్పాడు. ఫ్రెంచి మాకు రాదనుకున్నాడు కాబోలు. నాన్న చిన్నప్పుడు ఫ్రెంచివాళ్ళ రోడ్డు పనిలో రాళ్ళు మోసినవాడు. తిట్లూ ఆజ్ఞలూ బాగానే అర్థమవుతాయి.

పొద్దున తొమ్మిదింటికి తోటల దగ్గరున్న ఫొగ్గారా నోటి దగ్గరికి చేరాం. అక్కడే రాతి దువ్వెన ఉంది. ఫొగ్గారా నీళ్ళు దాని పళ్ళ మధ్యనుంచి చీలి, ఎవరి వాటా వాళ్ళ కాలువలోకి పోతాయి. అప్పుడక్కడ తోటపని వాళ్ళు పది మంది దాకా ఉన్నారు. జుబీర్ మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, తలకి లైటున్న టోపీ పెట్టుకున్నాడు. పట్టు రుమాలు మాత్రం తీయలేదు. ఏర్పాటు ఏమిటంటే, ఆయన లోపల నడుస్తూ ఒక్కో నూతి కిందికి రాగానే అంకె అరుస్తాడు. పైన వహీబా ఆ నూతి దగ్గర నిలబడి రాసుకుంటుంది. రెండు వందల పద్నాలుగూ ఒక్క పూటలో పూర్తి చేస్తానన్నాడు. మావాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పూడిక తీసే ముఠా మేస్త్రీ సాలెం మాత్రం, మధ్యాహ్నం భోజనం ఏ నూతిలోంచి దించమంటారు సార్ అని అడిగాడు. మొహం మీద నవ్వు లేదు.

జుబీర్ వంగి లోపలికి దూరాడు. ఆ చివర సొరంగం ఎత్తు మనిషి నడుము దాకానే ఉంటుంది. నీళ్ళు పిక్కల దాకా. ఒకటి అన్న కేక వినిపించింది. రెండు. మూడు. గొంతు ఖంగుమంటోంది. నేనూ వహీబా నూతి నుంచి నూతికి నడుస్తున్నాం. నాన్న కొంచెం దూరంగా, చేతులు వెనక్కి కట్టుకుని, నేలనే చూస్తూ నడుస్తున్నాడు. ఆరు దగ్గర ఆయాసం వినిపించింది. తొమ్మిది అన్నప్పుడు ఖంగు పోయింది. పదకొండు అని సగమే వినపడింది.

పన్నెండు వినపడలేదు.

వినపడలేదు కానీ నా పాదాల కింద ఏదో మెత్తగా కదిలినట్టయింది, బస్తా దించినట్టు. వహీబా నూతిలోకి వంగి సార్, సార్ అని పిలిచింది. తోటల వైపునుంచి ఎవరో నీళ్ళు ఎర్రబారాయని అరిచారు. నాన్న అప్పటికే గౌను విప్పి నా చేతికిచ్చాడు. పన్నెండో నూతి పక్కల్లో కాలు ఆనించడానికి చెక్కిన గుంటలుంటాయి, వాటి మీదుగా దిగిపోయాడు. ఇంతకీ అక్కడ లోతెంతో తెలుసా? ఇద్దరు మనుషుల ఎత్తు. మేకపిల్ల పడినా కాసేపటికి పైకొస్తుంది.

జరిగిందేమిటంటే, పదకొండుకీ పన్నెండుకీ మధ్య జుబీర్ వెనకాల ఒక పెళ్ళ విరిగి పడింది. వెలుగు పోయింది. ఉలిక్కిపడి తల కప్పుకి కొట్టుకుంటే టోపీ లైటు నీళ్ళలో పడింది. ముందుకి దారి ఉంది, ఎనిమిది అడుగులు పాకితే పన్నెండో నూతి వెలుగు. ఆ ఎనిమిది అడుగులు ఆయన పాకలేకపోయాడు. కాళ్ళూ చేతులూ కట్టేసినట్టు అలాగే నీళ్ళలో చతికిలబడిపోయాడు.

నాన్న పాక్కుంటూ వెళ్ళి ఆయన పక్కన కూర్చున్నాడు. లాగితే బిగుసుకుపోయి తన్నుకుంటాడు, తన్నుకుంటే ఇంకో పెళ్ళ ఊడుతుంది. అందుకని లాగలేదు. ఊరికే కూర్చున్నాడు, దాదాపు మూడు గంటలు.

లోపల మనిషి చిక్కుకుంటే మా దగ్గర ఒక ఆచారం ఉంది. సాయానికి ఎవరు కావాలో వాళ్ళే ఉంటారు, మిగతావాళ్ళు నూతుల దగ్గర్నుంచీ కాలువ నోటి దగ్గర్నుంచీ దూరంగా జరిగిపోతారు. ఎందుకంటే ఫొగ్గారా గొట్టంలాంటిది, లోపల గొణిగినా బయటికి వినిపిస్తుంది. చీకట్లో, పైన మట్టి, కింద నీళ్ళు, ఆ భయంలో మనిషి ఏవేవో అంటాడు. చేసిన దొంగతనాలు ఒప్పుకుంటాడు, పెళ్ళాం పేరు కాకుండా ఇంకో ఆడదాని పేరు తలుచుకుంటాడు. లోపలి మాట లోపలే అంటారు మావాళ్ళు. ఆ రోజు కూడా సాలెం తోటపని వాళ్ళందరినీ తోట గోడ అవతలికి తీసుకెళ్ళిపోయాడు. వహీబాని తీసుకెళ్ళి నీడన కూర్చోబెట్టాడు. దిగేముందు నాన్న నాకూ చెప్పాడు, నువ్వెళ్ళిపో తల్లీ అని.

నేను వెళ్ళలేదు. పన్నెండో నూతి గట్టు మీద, నాన్న గౌను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

జుబీర్ ముందు ఏడ్చాడు. పసిపిల్లాడు ఏడ్చినట్టే, ఎక్కిళ్ళు పెట్టి, వాళ్ళమ్మని పిలిచాడు. నాన్న ఏదో మెల్లగా చెబుతున్నాడు, ఊపిరి లెక్కపెట్టించడం లాంటిది. కాసేపటికి ప్రొఫెసర్‌గారు మాటల్లో పడ్డాడు. తనకి ఇదేమీ తెలియదన్నాడు. ఇంతవరకు ఒక్క ఫొగ్గారా కంటితో చూడలేదన్నాడు. ఆ పుస్తకంలోదంతా ఎప్పుడో వందేళ్ళ కిందటి ఒక ఫ్రెంచి సైనికాధికారి నివేదికలోంచి దించేశానన్నాడు. ఓర్పు గలవారు, ఆసక్తి లేనివారు అన్న ముక్క కూడా వాడిదేనట. నన్ను వదిలెయ్యకు పెద్దాయనా, నేను చెడ్డవాణ్ణి కాను, అన్నాడు.

నిజం చెప్పొద్దూ, నాకు అంతకు ముందు ఏ పండగకీ అంత సంతోషం కలగలేదు. డెబ్బై మంది నవ్విన నాటి నుంచి నాలో గడ్డకట్టి ఉన్నది ఏదో ఆ నూతి గట్టు మీద కరిగింది. ఒక్క అక్షరం వదలకుండా విన్నాను. మొహాన చున్నీ కప్పుకుని నవ్వుకున్నాను.

మధ్యాహ్నం దాటాక నాన్న ఆయన్ని వెనక నుంచి అంగుళం అంగుళం నెట్టుకుంటూ పన్నెండో నూతి కిందికి తెచ్చాడు. సాలెం తాడు వేసి పైకి లాగాడు. ఆ ఆకారం చూడాలి. ఫొటో కోసం నాన్న ఒంటి మీద మట్టి సరిగా లేదన్నాడే, ఇప్పుడు తన చెవుల్లో కూడా ఉంది. నాన్న తర్వాత ఎక్కి వచ్చి, గౌను అడిగి తీసుకున్నాడు. నా మొహం చూశాడు.

ఆ సాయంత్రం తాహర్ గారి పందిరిలో జుబీర్ టీ తాగుతూ, కూలిపోయే ప్రాంతాన్ని దగ్గరగా పరిశీలించే అరుదైన అవకాశం కలిగిందని చెప్పాడట. మర్నాడు పొద్దున్నే వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు నాన్నకి చెయ్యి కలిపాడు కానీ కళ్ళు కలపలేదు. వహీబా మాత్రం ఇంటికొచ్చి నాన్న చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని వెళ్ళింది.

ఏడాది తిరిగేసరికి కొత్త ముద్రణ వచ్చింది. ఫొగ్గారాకి ఈసారి అచ్చంగా ఒక పేజీ. "రచయిత స్వయంగా ఈ సొరంగంలో ఆసాంతం నడిచి పరిశీలించారు" అని మొదటి వాక్యం. పక్కన నాన్న ఫొటో, గోడకానుకుని కళ్ళు మూసుకున్నది. కింద ఏమని వేశారంటే: విశ్రాంతిలో ఉన్న ఒయాసిస్సు వాసి.

ఆ వారమే తిమిమూన్‌లో భూగోళం టీచర్ల సమావేశం పెట్టారు, కొత్త పుస్తకం పరిచయం చెయ్యడానికి. వేదిక మీద జుబీర్, ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు. వాళ్ళూ ఉత్తరాది వాళ్ళే. కింద మేం ముప్పై మందిమి. ప్రొఫెసర్ క్షేత్ర పరిశోధనలో కష్టాల గురించి అరగంట మాట్లాడాడు. ప్రశ్నలేమైనా ఉన్నాయా అన్నారు. నేను లేచాను.

ఎన్నో నూతి దాకా నడిచారండీ అని అడిగాను. ఆసాంతం అని రాశాను కదమ్మా అన్నాడు. అప్పుడు మొత్తం చెప్పేశాను. పదకొండు దాటలేదన్నాను. ఎనిమిది అడుగులు పాకలేక మూడు గంటలు ఏడ్చారన్నాను. ఫ్రెంచి అధికారి సంగతి చెప్పాను. వాళ్ళమ్మని పిలిచినది కూడా, అదే గొంతుతో, అనుకరించి చూపించాను.

గది గొల్లుమంది. ఆయన మొహం సున్నం కొట్టినట్టయింది. "మీ నాన్న చెప్పారా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. దెబ్బ తిన్న మనిషి గొంతు అది.

నేను జవాబు చెప్పేలోపే ఒక ఇన్‌స్పెక్టరు కడుపు పట్టుకుని నవ్వుతూ అందుకున్నాడు. "అయినా మీకెందుకు సార్ ఆ ఎలక బొరియలో దూరడం? దానికి వాళ్ళున్నారుగా."

గది ఇంకా గట్టిగా నవ్వింది. ఆ నవ్వినవాళ్ళలో మా చుట్టుపక్కల ఊళ్ళ టీచర్లు కూడా ఉన్నారు. ఎవరి మీద నవ్వుతున్నారో వాళ్ళకే తెలియదు. నేను నిలబడే ఉన్నాను. నేనే విన్నాను, మా నాన్న చెప్పలేదు అన్నాను. ఆ గోలలో ఎవరికీ వినపడలేదు. రెండోసారి అనలేదు.

మాట నాకంటే ముందు అదెర్గూత్ చేరింది. బార్కా లోపలి మాట పైకి తెచ్చాడట, కూతురితో సభలో చెప్పించాడట, అని. తాహర్ గారి మనవలు వీధిలో అమ్మా, అమ్మా అని ఏడుపు నటిస్తూ మా గుమ్మం ముందు తిరిగారు.

నాన్న వాకిట్లో కూర్చుని పార పిడి బిగిస్తున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. చాలాసేపు పని ఆపలేదు.

"ఎక్కడ కూర్చుని విన్నావు?" అన్నాడు చివరికి.

"పన్నెండో నూతి దగ్గర."

"వెళ్ళిపొమ్మన్నాను కదా."

"అన్నావు."

ఆ పుస్తకంలో జుబీర్ ఏం రాశాడో, ఫొటో కింద ఏమని వేశాడో చెప్పాను. ఆయన అబద్ధాలకోరు, దొంగ, అలాంటివాణ్ణి వెనకేసుకొస్తావా అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"ఆయన చేతకానివాడని నాకు మొదటి గంటలోనే తెలిసింది" అన్నాడు నాన్న. "నన్ను ఏ మాటా అడగలేదు. అడగక్కర్లేదనుకున్నాడు. నాకు తెలిసింది ఇవ్వక్కర్లేదని నేనూ అనుకున్నాను. చేతకానివాణ్ణి చూసి నవ్వడానికి నీకింత చదువెందుకే? తాహర్ గారి మనవలు చదువు లేకుండానే నవ్వుతున్నారు."

మా నాన్న నన్ను అంతకు ముందెప్పుడూ ఎందుకే, ఏమే అని అనలేదు. అన్నాక నా వైపు చూశాడు. ఆ చూపు నేను ఎరుగుదును. తాహర్ గారి మీద, ఆయన వెండి పళ్ళెం మీద, నేను రోజూ పారేసే చూపు అది. అదే చూపు నాన్న కళ్ళలోంచి నా మీద పడింది.

వేసవికి ముందు పూడిక తీతకి సాలెం ఇంటికొచ్చాడు. టీ తాగాడు. గ్లాసు కింద పెట్టి, బార్కా బాబాయ్, ఈసారి నువ్వు పైనే ఉండి తాడు చూసుకో అన్నాడు. నాన్న అలాగే అన్నాడు. యాభై ఎనిమిదేళ్ళ పని ఆ ఒక్క మాటతో అయిపోయింది. వయసు పేరు చెప్పనందుకు సాలెంని మెచ్చుకోవాలి.

నేను సాలెం వెనకాలే తోట దాకా వెళ్ళాను. తప్పు నాది, నాన్న నోరు విప్పలేదు, ఖురాను మీద ప్రమాణం చేస్తానన్నాను. సాలెం ఓపిగ్గా విన్నాడు.

"నువ్వు విన్నావని నేను నమ్ముతాను అక్కా. కానీ లోపల నడుస్తుంటే మావాళ్ళకి నోటి మీద తాళం పడ్డట్టుంది. పైన ఎవరు కూర్చున్నారో అని. మీ ఇంటి నుంచే కదా మాట వచ్చింది. నువ్వయితేనేం, ఆయనయితేనేం."

ఆ ఏడు పూడిక తీత పదహారు రోజులు సాగింది. నాన్న రోజూ వెళ్ళాడు. మంచి తెల్ల గౌను వేసుకుని వెళ్ళాడు, పైన కూర్చుంటే అది మాసేది కాదు కనుక. తాడు పట్టుకుని నూతి గట్టున కూర్చునేవాడు. కిందనుంచి మాటలు రావడం మొదలైతే, తాడు రాతికి కట్టి, లేచి దూరంగా వెళ్ళి నిలబడేవాడు.

ఆ తర్వాతి ముద్రణలో ఫొగ్గారా పేజీ ఎగిరిపోయింది. ఫొటో కూడా లేదు. ఆ చోట సౌరవిద్యుత్తు గురించి వేశారు. ఓర్పు గలవారు, ఆసక్తి లేనివారు అన్న వాక్యం మాత్రం చెక్కుచెదరలేదు. జుబీర్ పదవీ విరమణ చేశాడని, సన్మానం బాగా జరిగిందని వహీబా ఉత్తరం రాసింది. ఇప్పుడు పుస్తకం ఆవిడ చూస్తోందట. పేజీ తీసేసింది ఆవిడేనో కాదో రాయలేదు, నేనూ అడగలేదు.

నేను పుస్తకం మూసి ఫొగ్గారా పాఠం సొంతంగా చెబుతున్నాను. ఇన్‌స్పెక్టరు వచ్చి, పరీక్షలో లేనిది చెబుతున్నానని నా మీద రాసుకుపోయాడు. పోయినవారం క్లాసులో ఒక పిల్ల లేచి, ఊట పుట్టే చోటి నుయ్యి ఎంత లోతు టీచర్ అని అడిగింది. నాకు తెలియదు. అటువైపు నేనెప్పుడూ వెళ్ళలేదు. రేపు చెబుతానన్నాను.

సాయంత్రం నాన్న వాకిట్లో బార్లీ చెరుగుతున్నాడు. ఈ మధ్య అన్నీ మాట్లాడుతున్నాడు నాతో, ఉల్లి ధర, అక్క కాన్పు, మేక సూడిది అవునా కాదా, అన్నీ. పక్కన కూర్చుని కాసేపు రాళ్ళేరాను. తర్వాత, మాటల్లో మాటగా, ఊట నుయ్యి లోతెంత ఉంటుంది నాన్నా అన్నాను.

చేట ఆగలేదు. పొట్టు గాలికి లేచి నా మీద పడింది.

"పుస్తకంలో చూసుకో" అన్నాడు.